పదకొండో నంబరు బొమ్మ

మా నాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన పెట్టిన కెమెరా క్లబ్బు వాళ్లు ఆయన పేరుతో ఒక సంచిక వేస్తారట, దానికి నేను రెండు పేజీలు రాసివ్వాలట. క్లబ్బుకు ఇప్పటి కార్యదర్శి శైలజ అనే అమ్మాయి, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తిరుపతిలో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మర్యాదగా అడిగింది. "సార్ గురించి మంచి మాటలు నాలుగు రాసిస్తే సాలు మేడమ్. పాతకాలంలో నెలనెలా పోటీలు ఎట్ల జరిపేవాళ్లో అది గూడా." పాతకాలం అన్నప్పుడు నా జుట్టు వైపు చూసింది. "మంచి మాటలు రెండే ఉండాయమ్మా, నాలుగంటే కష్టం" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రెండూ ముందే చెప్పేస్తాను. మా నాయన తన జీవితంలో ఏ ఫోటో గురించీ అబద్ధం చెప్పలేదు, స్నేహితుడిదైనా శత్రువుదైనా బాగుంటే బాగుందనేవాడు, లేకుంటే లేదనేవాడు. రెండోది, ఆడపిల్లకు డార్క్‌రూమ్ పని నేర్పించడం ఊళ్లో ఎవరూ ఊహించని రోజుల్లో నాకు నేర్పించాడు, అదీ తన కొడుకుకు నేర్పినంత శ్రద్ధగా, కొడుకు లేకపోయినా. మిగతాది కూడా రాస్తున్నాను. వేసుకుంటారో చించేస్తారో వాళ్ల ఇష్టం.

గాంధీ రోడ్డు వెనక సందులో మా ఇల్లు. వీధి గది స్టూడియో, దాని వెనక డార్క్‌రూమ్, దాని వెనక మేము, మిద్దె మీద పొడుగాటి గది క్లబ్బుకు. ఇల్లంతా ఫోటోలు కడిగే హైపో మందు వాసన. పులిసిన చింతపండులో ఇనప మేకు వేసి మరిచిపోతే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన అది. అమ్మ చీరల్లో, అవ్వ దుప్పటిలో, నా జడలో, సంగటి ముద్దలో కూడా. కాలేజీలో నా పక్కన కూర్చున్న పిల్ల, మీ ఇంట్లో ఊరగాయలు పెడతారా అని అడిగింది. పెళ్లిళ్ల ఫోటోలు మా జీవనం, కానీ నాయన ప్రాణం ఆ మేడ గదిలో ఉండేది. అవ్వ అంటే నాయన తల్లి. నోట్లో పళ్లు లేవు కాబట్టి వక్కాకు చిన్న ఇనప రోట్లో దంచుకునేది. రోజుకు ఎన్ని సార్లు దంచుతుందో మేము లెక్కపెట్టేవాళ్లం కాదు, ఎందుకంటే అవ్వ దంచేది వక్కాకు కోసం మాత్రమే కాదు. నాయన అమ్మను కొట్టడం మొదలుపెట్టగానే అవ్వ రోలు ముందుకు లాక్కునేది. ఆయన చెయ్యి ఎంత జోరుగా ఆడితే అవ్వ రోకలి అంత జోరుగా ఆడేది. వీధిలో పోయేవాళ్లకు ఆ చప్పుడే వినిపించాలని. ఒకసారి ఖాళీ రోట్లో దంచుతుంటే చూసి, "వక్క యాడుండాది అవ్వా" అని అడిగాను. "నోరు మూసుకో, లేకుంటే నీకు గూడా పడతాది" అంది. అన్నట్టే పడింది.

కొట్టడానికి ఆయనకు పెద్ద కారణాలు అక్కర్లేదు. అన్నం చల్లారడం కారణం, వేడిగా ఉండటం కారణం. పెద్ద కెమెరా పెట్టెకు తోలు పట్టీ ఒకటి ఉండేది, రెండు వేళ్ల వెడల్పు, చివర ఇత్తడి కొక్కెం. దాన్ని విప్పి తీసేటప్పుడు కూడా పెట్టె కింద పడకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టేవాడు. కెమెరా అంటే ఆయనకు అంత భయభక్తులు. కొట్టడం అయిపోయాక పట్టీని మళ్లీ తగిలించి, లెన్సు తుడిచి, వచ్చిన వాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం రొంత ఎత్తండి సార్, నవ్వండి" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ వెనక గదిలో నోట్లో చెంగు కుక్కుకుని కూర్చునేది.

నెలనెలా రెండో ఆదివారం పోటీ. నేను బీఎస్సీ మొదటి ఏడాదిలో చేరినప్పటి నుంచి దాన్ని నడిపింది నేనే. క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఆడదాన్ని, అదీ సభ్యురాలిగా కాదు, కార్యదర్శి కూతురిగా. నెల ముందు ఒక అంశం ప్రకటించేవాళ్లం, నీడలు, చేతులు, జాతర, ఇట్లా. శనివారం సాయంత్రం లోపల ప్రింట్లు నాకు అందాలి. పదహారు బై ఇరవై అట్టకు అంటించి ఉండాలి, అంగుళంలో పావు తేడా వచ్చినా వెనక్కి పంపేదాన్ని. వెనకవైపు పేరు మీద కాగితం అంటించి నంబరు వేసేదాన్ని. ఏ నంబరు ఎవరిదో నాకు తప్ప నాయనకు కూడా తెలియదు. పొద్దున గది పొడవునా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ప్రింట్లు వేలాడదీసేదాన్ని. సభ్యుల్లో ఒకరు వంతుల ప్రకారం న్యాయనిర్ణేత. ఆయన ఒక్కో బొమ్మ ముందు నిలబడి అందరూ వినేట్టు దాని మంచిచెడ్డలు చెప్పి మార్కులు వేస్తాడు. అంతా అయ్యాక మొదటి మూడు నంబర్లకే పేరు మీద కాగితం చింపుతాం. మిగతా వాళ్లు ఎవరో ఎన్నటికీ బయటపడదు. నాయన పెట్టిన ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. వెలుగు గురించి మాట్లాడొచ్చు, అంచు గురించి మాట్లాడొచ్చు, బొమ్మలో ఉన్నది ఎవరు, ఎక్కడ, పాపం ఏమైంది అని మాట్లాడకూడదు. "బొమ్మలో ఉండేది ఏందనేది మనకు అనవసరం. బొమ్మ ఎట్లుండాది, అంతే" అనేవాడు.

ఈ నియమం వల్ల ఏం జరిగేదో ఒక్క సంగతి చెబుతాను. చంద్రగిరి దిక్కు పల్లెల్లో పశువుల పండగకు ఎద్దులను వదులుతారు, వాటి కొమ్ములకు కట్టిన పలకలు లాక్కోవడానికి మగవాళ్లు మీదపడతారు. ఆ నెల అంశం 'వేగం'. తాలూకాఫీసు దొరస్వామి, బ్యాంకు క్యాషియరు మునిరత్నం ఇద్దరూ ఒకే గోడ ఎక్కి, ఒకే ఎద్దును, ఒకే మనిషిని పొడుస్తుండగా తీశారు. నలుపు తెలుపులో రక్తం నల్లగా పడుతుంది, బురదకూ దానికీ తేడా తెలియదు. రెండు బొమ్మలూ పక్కపక్కన వేలాడుతుంటే, నాది చూసి తీశావని ఒకరు, నీ మోచేయి తగిలి నాది కదిలిందని ఇంకొకరు. దొరస్వామి స్టూలెత్తి మునిరత్నం మూతి మీద వేశాడు. మునిరత్నం వాడి చెవి పట్టుకుని కొరికాడు. నేను ఇద్దరి మధ్యకు పోయి, "పొడిపించుకున్న మనిషి బతికినాడా సార్" అని అడిగాను. ఇద్దరికీ తెలియదు. నాయన నేల మీది రక్తాన్ని గుడ్డతో తుడిచి, "తర్వాత నంబరు" అన్నాడు. మేము తర్వాత నంబరుకు పోయాం. ఇది చెప్పి నేనేదో వాళ్లకంటే మంచిదాన్నని అనిపించుకోవాలని కాదు. నా సంగతి వస్తోంది.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా ఒకరోజు అవ్వ స్నానాల గదిలో జారి పడింది. అమ్మ కంగారులో పరుగెత్తి డార్క్‌రూమ్ తలుపు తోసింది. లోపల నాయన ఫోటోలు వేసే కొత్త పేపరు డబ్బా అప్పుడే తెరిచాడు. వెలుతురు పడి డబ్బా మొత్తం పాడైపోయింది. ఆయన నిదానంగా బయటికి వచ్చాడు, అవ్వను లేపి మంచం మీద కూర్చోబెట్టాడు, కాలు నొప్పా అని అడిగాడు, ఆ తర్వాత పట్టీ విప్పాడు. అవ్వ కాలు పట్టుకుని మూలుగుతూనే రోలు కోసం చెయ్యి చాపింది. నేను అడ్డం పోతే కొక్కెం నా మోచేతికి తగిలింది. అమ్మను వంటింటి మూలకు నెట్టి, రవికె చిరిగేదాకా కొట్టాడు. ఆ రోజు అమ్మ చెంగు నోట్లో కుక్కుకోలేదు. అరిచింది. ఒక్కొక్క దెబ్బకూ ఒక్కొక్క అరుపు. చిత్తూరులో ఉండే వాళ్ల అన్నను పిలిచింది.

ఆ అన్న చెంగల్రాయులు మామ, చిత్తూరులో బెల్లం మండీ. అమ్మ అప్పటికి మూడుసార్లు ఆయన దగ్గరికి పోయింది. మూడుసార్లూ ఆయన, "కొట్టినాడంటావు, మొగం మీద ఏమీ లేదే" అని, కడుపునిండా అన్నం పెట్టి, బెల్లం బుట్ట ఇచ్చి, తానే బస్సెక్కించి పంపాడు. నాయన తెలివైనవాడు, మొహం మీద ఎప్పుడూ కొట్టడు. తోడబుట్టినవాడికైనా ఆడది వీపు విప్పి చూపించదు కదా, మా వైపు అయితే అస్సలు చూపించదు. మర్నాడు పొద్దున నాయన పుత్తూరులో పెళ్లికి పోయాక అమ్మ నన్ను పిలిచింది. "పాపా, నా ఈపు బొమ్మ తియ్యి. మా అన్నకు పంపాల. నేను సూపిచ్చలేను. బొమ్మయితే సూస్తాడు." పెరటి కిటికీ పక్కన పీట వేసుకుని, రవికె తీసేసి, చెంగు ముందు పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. అడ్డంగా ఐదు తట్లు తేలి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, గీత గీసినట్టు. వాటి మధ్య చర్మం ఎండిన మట్టిలా పగిలి ఉంది. ఎడమ భుజం కింద పుట్టుమచ్చ. నేను దగ్గరికి పోయాను, ఇంకా దగ్గరికి పోయాను, భుజాలు, మెడ, జడ అన్నీ చట్రంలోంచి పోయేదాకా పోయాను. వీపు అని తెలియాలంటే అవి ఉండాలి కదా అని ఆ క్షణంలో నాకు తోచలేదు. లేదు, తోచింది. తోచినా ముందుకే పోయాను.

మధ్యాహ్నం డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ఆ ప్రింటు డెవలపర్ తొట్టిలో పైకి తేలింది. మొదట నీడలు వచ్చాయి, తర్వాత తట్ల అంచులు, తర్వాత ఆ పగుళ్లన్నీ ఒక్కొక్కటిగా. నా ఒళ్లు జలదరించింది. అమ్మ బాధకు జలదరించిందని రాస్తే బాగుంటుంది. కానీ నేను అనుకున్నది వేరే. ఇంత మంచి ప్రింటు ఈ ఇంట్లో ఎవరూ వేయలేదు, నాయన కూడా వేయలేదు అనుకున్నాను. ఆ నెల పోటీ అంశం 'గరుకు'. కొత్త డబ్బా పాడైపోయింది, పాత డబ్బాలో మంచి పేపరు ఒక్కటే మిగిలి ఉంటే దాని మీదే వేశాను. ఉన్నది ఒక్క ప్రింటు. పోటీకి ఇంకా రెండు వారాలు.

"పంపినావా" అని అమ్మ సాయంత్రం అడిగింది. "పంపినాను" అన్నాను.

దీని మీద నాతో నేను ముప్పై ఏళ్లుగా వాదించుకుంటున్నాను, వాదనలో నన్ను గెలిచినవాళ్లు లేరు కాబట్టి తీర్పు ఇప్పటికీ రాలేదు. ఆయనను దేవుడిలా చూసే ఆ క్లబ్బు ఇరవై మంది ముందు ఆయన చేసింది పెట్టాలనుకున్నాను, అది న్యాయమే కదా అని ఒక పక్క. అట్లయితే భుజం, జడ కనబడేట్టు ఎందుకు తీయలేదని ఇంకో పక్క. పోటీ అయ్యాక పంపితే పోయేదేముందిలే అని ఒక పక్క. పోయేదేముందో చెబుతాను. ఆ రెండు వారాలూ అమ్మ వీధి గుమ్మం దగ్గర వాళ్ల అన్న కోసం చూసింది. చిత్తూరు బస్సు వచ్చే వేళకు తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని నిలబడేది. "బొమ్మ సూసినా గూడా రాలేదంటే ఇంగ నాకు యెవురూ లేనట్టే పాపా" అంది ఒకరోజు. అప్పుడైనా నేను చెప్పలేదు. ఆ గుమ్మంలో నిలబడినందుకే, ఎవడి కోసం చూస్తున్నావని నాయన ఒకరోజు ఆమెను జుట్టు పట్టి లోపలికి ఈడ్చాడు, కనకాంబరాలు గడప మీద నలిగిపోయాయి. అప్పుడూ చెప్పలేదు. పెట్టె అడుగున, నా పుస్తకాల కింద, ఆ ప్రింటు అట్టకు అంటించి సిద్ధంగా ఉంది.

ఆదివారం పొద్దున పధ్నాలుగు బొమ్మలు తాడుకు వేలాడాయి. అమ్మ వీపు పదకొండోది. న్యాయనిర్ణేత పళ్ల డాక్టరు రెడ్డెప్ప. నిదానస్తుడు, రోగి నోరు చూసినట్టు ప్రతి బొమ్మనూ వంగి, పక్కకు తిరిగి చూస్తాడు. పదకొండు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది దుక్కి" అన్నాడు. "వడమాలపేట దాటినాక మెట్ట చేలు ఇట్లనే ఉంటాయి. వాన పడి ఆరినాక దున్నినారు. పొద్దున ఏడు, ఏడున్నర ఎండ. ఎవరో గాని ఓపిగ్గా కాసుకున్నారు."

"దుక్కి కాదప్పా, ఇసక" అన్నాడు మునిరత్నం. "పులికాట్ ఒడ్డున గాలికి ఇట్ల వరసలు తేలతాయి. నేను తీసినాను."

"నువ్వు తీసినేది నాకు తెలుసులే. ఇసక్కు ఇంత అంచు యాడుంటాది. ఇది నాగలి పోయిన సోటు. తొమ్మిదిన్నర వేస్తాండా."

"అర మార్కు ఎందుకు ఆపినావు?"

"ఇదో, ఈ నల్ల సుక్క. నెగటివ్‌లో సూది బెజ్జం పడింది. బ్లేడుతో సన్నగా గీకేసుండాల్సింది."

బొమ్మలో ఉన్నది ఏందని ఇంతసేపు మాట్లాడుకుంటుంటే నాయన ఎప్పుడో అడ్డం రావాల్సింది. రాలేదు. నేను ఆయన వైపు చూశాను. కిటికీ దగ్గర నిలబడి ఆయన బొమ్మను కాదు, ఆ నల్ల చుక్కను చూస్తున్నాడు. ఆయన చూపుకు దూరం అడ్డం కాదు. తర్వాత నన్ను చూశాడు.

"పదకొండు అట్ట కొలత ఎక్కువుండాది. తీసెయ్యి" అన్నాడు.

"నేనే కొలిచినాను నాయనా."

"మళ్లా కొలువు."

ఇనప స్కేలు తీసుకుని అందరి ముందు కొలిచాను. "పదహారు. ఇరవై."

"అంచు సరిగ్గా కొయ్యలేదు."

"అంచు గురించి నియమం లేదు."

"పోటీకి రాదని చెప్తాండా గదా."

"యాల రాదు? కారణం చెప్పు. రిజిస్టర్లో రాసుకోవాల."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తండ్రీ కూతుళ్లు పావు అంగుళం కోసం ఇట్లా వాదులాడుకోవడం వాళ్లు ఎరిగిందే. దొరస్వామి నవ్వి, "పాప ప్లీడరు కావాల్సింది సార్" అన్నాడు కూడా. నాయన గొంతు తగ్గించాడు. "ఆడ ఉండేది ఏందో..." అని ఆగిపోయాడు.

"ఉండేది ఏందనేది మనకు అనవసరం" అన్నాను. "నువ్వు పెట్టిందే ఆ నియమం."

గెలిచాననుకున్నాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, దాన్ని దాచను. అప్పుడే అమ్మ అలసంద వడల తట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ప్రతి పోటీకీ ఆ వేళకే తెస్తుంది, తట్ట బల్ల మీద పెట్టి, ఎవరి మొహం చూడకుండా దిగిపోతుంది. ఆ రోజు తలుపు దగ్గరే ఆగింది. చిత్తూరులో ఉందనుకున్న బొమ్మ ఆమె కళ్లముందు రెండు బట్టల క్లిప్పులకు వేలాడుతోంది. తట్ట కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టింది. అమ్మ నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. చిన్న చెయ్యి, కానీ నా చెవిలో మోత చాలాసేపు పోలేదు.

"యాడికి పంపినానని సెప్పినావు?" అంది.

ఆమె క్లిప్పులు లాగేసి ప్రింటు తీసుకుంది. రెడ్డెప్ప, "పోటీలో ఉండే బొమ్మమ్మా, ముట్టుకోగూడదు" అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడి ఎరగదు. "ఇది నా ఈపు సార్. మెట్లకాడ ఇన్నాను, ఈ సుక్కను గీకెయ్యాలన్నారే, అది నాకు పుట్టినప్పట్నుంచీ ఉండాది. మిగతావి మీ సెక్రెటరీ పెట్టినాడు."

"కిందికి పో" అన్నాడు నాయన. ఆమె కిందికే పోయింది, ఆగకుండా ఇంకా ముందుకు, వీధిలోకి, బస్టాండుకు, చెప్పులు కూడా లేకుండా. నాయన ఆమె వెనక పోతాడనుకున్నాను. ఆయన మూలలో ఉన్న కెమెరా కొయ్య స్టాండు కాలు ఊడబీకి నా మీదికి వచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది కనుబొమ మీద. కంట్లోకి రక్తం కారి ఎడమ వైపు ఏమీ కనబడలేదు. నా చేతిలో ఇనప స్కేలు ఉంది. అంచు వైపు తిప్పి పట్టుకుని ఆయన చెంప మీద లాగి కొట్టాను. చెంప చీరుకుపోయింది. మళ్లీ కొట్టాను. చేతి మీద, మెడ మీద, దొరికిన చోటల్లా. అప్పుడు నాకు భయం లేదు, ఏడుపు లేదు, తేలిగ్గా ఉంది. ఇంత తేలికని తెలిసే ఈయన రోజూ కొడుతున్నాడనిపించింది. ఆ ఇరవై మందిలో ఒక్కడు కూడా మమ్మల్ని పట్టుకోలేదు. కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు, కొందరు మిగతా బొమ్మలు చూస్తున్నారు. ఊపిరి అందక మేమే ఆగిపోయాం. రెడ్డెప్ప కిందినుంచి సంచి తెప్పించి, పళ్లకు వాడే దారంతోనే ఇద్దరికీ కుట్లు వేశాడు, ముందు ఆయనకు, తర్వాత నాకు. వేస్తూ వేస్తూ, "ప్రింటు గదిలో లేదు కాబట్టి పదకొండు పోటీలో ఉన్నట్టు కాదు" అని నిర్ణయం చెప్పాడు. తాటిచెట్టు బెరడు బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. వడలు చల్లారకముందే తినేశారు.

చిత్తూరులో ఆ రాత్రి జరిగింది అత్త తర్వాత చెప్పింది. మామ ప్రింటును దీపం కిందికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసి, "యాడి సేనమ్మా ఇది" అని అడిగాడట. "సేను కాదన్నా, నేను" అందట అమ్మ. ఆయన అన్నం ముట్టలేదట. మర్నాడు పొద్దున ఎనిమిదికి అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మా గుమ్మంలో ఉన్నారు. మామ చేతులు బెల్లం దిమ్మెలు ఎత్తి ఎత్తి పలుగు కాడల్లా ఉంటాయి. స్టూడియో తలుపు వేసి, నాయనను మెడ పట్టి బల్లకు అదిమి, "ఏ సెయ్యి?" అని అమ్మను అడిగాడు. "కుడిది" అంది అమ్మ. నాయన అరుపుకు అవ్వ రోలు లాక్కుంది, తర్వాత ఎందుకో దంచకుండా ఊరికే పట్టుకుని కూర్చుంది. మణికట్టు విరిగిన చప్పుడు వెనక గదిలో నాకు వినిపించింది. మామ రొప్పుతూ, "సాలా?" అని అడిగాడు. "ఇంగొకటి" అంది అమ్మ. గట్టిగా కాదు, అంగట్లో సరుకు తూచేటప్పుడు అన్నట్టు అంది.

తన ట్రంకు పెట్టె సర్దుకుని అమ్మ బయల్దేరింది. నేను చేతికి దొరికిన బట్టలు సంచిలో కుక్కుకుని వెనక పోయాను. సందు మొదట్లో తిరిగి చూసింది. "నువ్వు యాడికి?" అంది. నీతో వస్తానన్నాను. "నువ్వు ఆడనే ఉండు. ఆ యప్ప కోపమొచ్చి కొట్టినాడు. నువ్వు కోపం గూడా లేకుండా నన్ను దండేనికి ఆరేసినావు. పో, నీ పోటీలు నువ్వు సూసుకో." కనుబొమ కుట్ల మీద చెమట పడి మండుతుంటే, ఆ సందు మొదట్లో చాలాసేపు నిలబడి ఇంటికే తిరిగి వచ్చాను. ఇంకెక్కడికి పోను.

నాయన మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. పెళ్లిళ్లు నేను తీశాను, పోటీలు నేను నడిపాను, ఆయనకు అన్నం నేను కలిపి పెట్టాను. మళ్లీ ఎవరినీ కొట్టలేదు, చెయ్యి లేక. మనసు మారిందని సంచికలో ఎవరైనా రాస్తే నమ్మకండి. తర్వాత చిత్తూరులో ఉద్యోగం వెతుక్కున్నాను, అమ్మ వీధికి పక్క వీధిలో గది తీసుకున్నాను. రెండేళ్లు ఆమె నాతో మాట్లాడలేదు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ, "ఉప్పు ఉంటే రొంత తెచ్చి ఇయ్యి" అంది. అప్పటి నుంచి అన్నీ మాట్లాడుతుంది, ఆ సంగతి తప్ప. నేనూ ఎత్తలేదు. తిరుపతికి మళ్లీ మారిన తర్వాత కూడా వారం వారం పోతూనే ఉన్నాను.

శైలజ ఇప్పటి పోటీ పద్ధతి చెప్పింది. బొమ్మలు ఫోన్లోనే పంపుతారు, పేరు తీసేసి నంబరు వేస్తారు, సగం మంది ఆడపిల్లలే. స్టూళ్లు ఎత్తడం లేదు, చెవులు కొరకడం లేదు. గొడవ చేసినవాళ్లను గ్రూపులోంచి తీసేస్తారట. ఇంకొక నియమం ఉంది. మనిషి ఒళ్లు గాని మొహం గాని దగ్గరగా తీస్తే, ఆ మనిషి ఒప్పుకున్నట్టు ఒక గడిలో గుర్తు పెట్టాలి. "నిజంగా అడిగి పెడతారా, ఊరికే పెట్టేస్తారా?" అని అడిగాను. "నమ్మాల గదా మేడమ్" అంది. మా కాలం కంటే మేలే, ఒప్పుకుంటాను. ఆ గడి అప్పుడు ఉండి ఉంటే నేనేం చేసేదాన్నో కూడా నాకు తెలుసు. గుర్తు పెట్టేసేదాన్ని.

అందుకే ఇది రాయడం అయ్యాక, శైలజకు పంపకుండా కాగితాలు తీసుకుని చిత్తూరు పోయాను. అమ్మ గుమ్మంలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటింది, చూపు తగ్గింది, వేళ్లు మాత్రం బాగా ఆడతాయి. మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించాను. డార్క్‌రూమ్‌లో నేను అనుకున్నది కూడా దాటవేయకుండా చదివాను. మధ్యలో ఒకచోట మాత్రం ఆపింది. "ఆ పొద్దు సెప్పులు ఏసుకునే పోయినా. సెప్పులు లేవని యాల రాసినావు?" అంది. నాకు గుర్తున్నది అట్లా అన్నాను. "నీకు అట్ల గుర్తుండాదేమో. నేను ఏసుకునే పోయినా" అంది. సరే, వేసుకునే పోయింది.

చదవడం అయిపోయింది. ఆమె ఒలుస్తూనే ఉంది.

"సంచికలో ఇయ్యొచ్చునా అమ్మా? వద్దంటే సించేస్తా" అన్నాను.

"ఇయ్యి."

"ఊరంతా సదవతారు."

"సదవనీ." కాయ చిట్లించి గింజలు చాటలో వేసింది. "ఆ యప్పలందరికీ సూపిచ్చాలని నాకు గూడా ఉన్నింది పాపా. మా అన్నకు ఒగిటి పంపి, ఇంగోటి ఆడ పెడతానని నువ్వు ఆ పొద్దు నన్ను అడిగింటే, పెట్టుకో అనేదాన్ని. వడలు ఆడ పెట్టేసి, ఆ బొమ్మ పక్కన నిలబడేదాన్ని. అదేం సుక్క, ఇదేం దుక్కి అని వాళ్లు అడిగితే నేనే సెప్పేదాన్ని."

నేను ఏదో అనబోయాను. పేపరు ఒక్కటే ఉండింది, ఇంకో ప్రింటు వేయడానికి లేదు, అట్లాంటి మాట ఏదో.

"అడగలేదు గదా నువ్వు" అంది అమ్మ.